రెండు కార్లలో ఒక గొంతు

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట వైపు వచ్చే రోడ్డు మీద మా బావకు కార్లలో స్టీరియోలు బిగించే షాపు ఉండేది. బావ అంటే మా అక్క భర్త. ఎనభైల మొదట్లో డిగ్రీ చదివి ఖాళీగా తిరుగుతున్న నన్ను అక్క పిలిచి ఆ షాపులో కూర్చోబెట్టింది. ఒక షట్టరు, లోపల చెక్కబల్ల, గోడ నిండా క్యాసెట్ ప్లేయర్లు. అసలు పనంతా బయట రోడ్డు పక్కనే. కారును నీడలో నిలబెట్టి, తలుపు లోపలి అట్ట విప్పి, గుండ్రంగా కోసి అందులో స్పీకర్లు దించేవాళ్ళం. మన దేశపు కార్లలో అప్పుడు పాట అనేది కంపెనీ ఇచ్చేది కాదు. కొనుక్కున్నవాళ్ళు మాలాంటి వాళ్ళ దగ్గరికొచ్చి పెట్టించుకోవాల్సిందే.

ఎంత జాగ్రత్తగా కోసినా రెండు వానాకాలాలు గడిచేసరికి అట్ట ఉబ్బేది. బేస్ పెంచితే పాట కంటే తలుపే ఎక్కువ మోగేది. బావ మళ్ళీ విప్పి, వెనకాల పాత దుప్పటి ముక్కలు కూరి, బిగించి, కారులో కూర్చొని కళ్ళు మూసుకుని వినేవాడు. అవతల ఇంకో కారు ఎదురుచూస్తున్నా ఆయనకు పట్టేది కాదు.

బేగంపేటలో ఒక భాయ్ ఉండేవాడు. వాడిన విదేశీ కార్లు కొని అమ్మడం ఆయన వ్యాపారం. ఢిల్లీలో రాయబార కార్యాలయాల వాళ్ళు వదిలేసి వెళ్ళినవి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్నవి ఆయన దగ్గరికి చేరేవి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు. మొదటిసారి ఆయన ఒక పెద్ద అమెరికన్ కారును మా షాపు ముందు ఆపి, బావను లోపల కూర్చోబెట్టాడు.

"అన్నా, జర విను. కొనేటోళ్ళు పాట ఎట్లుందని అడుగుతుండ్రు. నాకు ఇంజను సంగతి తెలుసు గానీ గీ పాట సంగతి తెల్వదు" అన్నాడు.

ఆ రోజే మేము మొదటిసారి ఫ్యాక్టరీలోనే సౌండ్ సిస్టం బిగించి పంపిన కారును చూశాం. ఎక్కడా కోత లేదు. తలుపు పుట్టినప్పుడే స్పీకరుకు చోటు పెట్టి పుట్టినట్టుంది. వెనక అద్దం కింద పలకలో రెండు, డాష్‌బోర్డు మూలల్లో రెండు, యాంప్లిఫయర్ డిక్కీలో. మనిషి ఏ సీట్లో కూర్చుంటాడో, అద్దాలు శబ్దాన్ని ఎటు కొడతాయో, సీట్ల గుడ్డ ఎంత పీల్చుకుంటుందో అన్నీ చూసుకుని కట్టారు.

"మనం కారుకు పాట తగిలిస్తం. వీళ్ళు పాటకు సుత ఇల్లు కట్టిండ్రు" అన్నాడు బావ దిగుతూ. కానీ శబ్దం మాత్రం ఆయనకు నచ్చలేదు. పెళ్ళి బ్యాండు లాగా ఉందన్నాడు. భాయ్ నవ్వాడు. ఆ తర్వాత ఏ మంచి కారు వచ్చినా ముందు బావ చెవికి చూపించడం ఆయనకు అలవాటైంది. చెక్క డాష్‌బోర్డు ఉన్న ఒక ఇంగ్లీషు కారు గురించి బావ, "పాత రేడియో లెక్క మెత్తగుంది, ముసలోళ్ళకు బాగుంటది" అన్నాడు. భాయ్ కొనేవాళ్ళకు అదే మాట చెప్పేవాడు.

ఈ పరీక్షలకు బావ దగ్గర ఒక సొంత క్యాసెట్టు ఉండేది. పెళ్ళికి ముందు ఆయన ఒక ఆర్కెస్ట్రాలో పాడేవాడు. మా అక్కను చూసింది కూడా అలాంటి ఒక పెళ్ళిలోనే. ఆర్కెస్ట్రా మానేసినా పాట మానలేదు. ఒక ఆదివారం పొద్దున, రోడ్డు మీద బస్సులు పెరగకముందే, షట్టరు సగం దించి, రెండు మైకులు పెట్టి, వాళ్ళమ్మ నాట్లేసేటప్పుడు పాడిన పాటను తను పాడి రికార్డు చేశాడు. యూసుఫ్‌గూడలో ఉండే ఒక స్నేహితుడు హార్మోనియం పట్టుకున్నాడు. డోలక్ నేనే కొట్టాను, అంత గొప్పగా కాదు.

"అంగట్ల కొన్న క్యాసెట్టు పెడితే అసలు పాట ఎట్లుండెనో మనకేం తెలుసు? ఇది నా గొంతు. నాకు తెలుసు. ఏ కారు దీన్ని మార్చినా పట్టుకుంట" అనేవాడు.

ఆ పాట రికార్డు చేసి ఏడాదికి పైగా గడిచాక ఆయన గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ముందు దుమ్మన్నారు, తర్వాత జలుబన్నారు. మింగితే నొప్పి మొదలయ్యాక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. లోపల గడ్డ ఉందని, అది మంచిది కాదని, స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. అక్క అప్పుడు ఒకటే అడిగింది. "మాట సుత పోతదా?" డాక్టరు తల ఊపాడు. బావ మా ఇద్దరి వంకా చూసి, ఇంకా మిగిలి ఉన్న ఆ గరగర గొంతుతో, "ప్రాణం ఉంటే చాలు, పిల్ల చిన్నది" అన్నాడు. కూతురికి అప్పటికింకా సరిగ్గా మాటలు రాలేదు.

ఆపరేషన్ తర్వాత మెడ మీద ఒక రంధ్రం. ఊపిరి అక్కడి నుంచే. దుమ్ము పోకుండా దాని మీద పలచటి తెల్ల గుడ్డ కట్టుకునేవాడు. కొన్నాళ్ళకు షాపుకు రావడం మొదలుపెట్టాడు. చేతులతో చెప్పేవాడు, పెదవులు కదిపేవాడు. అర్థం కాకపోతే బల్ల మీద పేరుకున్న దుమ్ములో వేలితో రాసేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయనకు చెవుడేమోనని గట్టిగా అరిచేవాళ్ళు. ఆయనేమో రెండు చేతులూ ఎత్తి, మెల్లగా, మెల్లగా అని సైగ చేసేవాడు. చెవులు ఎప్పటిలాగే ఉన్నాయి. నిజానికి ఇంకా పదునెక్కాయేమో. అయినా ఆ క్యాసెట్టును మాత్రం సొరుగులోంచి తీయలేదు. మేమూ తీయలేదు.

అలా కొన్ని నెలలు గడిచాక ఎండాకాలంలో ఒక రోజు భాయ్ వచ్చాడు. ఆయన దగ్గర ఒకేసారి రెండు మంచి కార్లు ఉన్నాయి. ఒకటి నల్లటి జర్మన్ కారు, ఇంకొకటి వెండిరంగు జపాన్ కారు. కొనడానికి వచ్చింది గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక పొగాకు వ్యాపారి. పెద్దాయన. వారం వారం గుంటూరు వెళ్ళొస్తాడు, దారి పొడుగునా పాటలు వినాలి. రెండు కార్ల ఇంజన్లూ బాగున్నాయి, ఇక పాట బాగున్నదే తీసుకుంటానన్నాడట.

ఈ సంగతి చెప్పి భాయ్ బావ ముందుకొచ్చి నిలబడ్డాడు. "అన్నా, నిన్ను గాక ఇంకెవ్వరినీ అడగబుద్ధి కాలే. కష్టమైతే వద్దు, ఫికర్ లేదు" అన్నాడు.

బావ సొరుగు తెరిచి క్యాసెట్టు తీసి జేబులో పెట్టుకున్నాడు.

బేగంపేటలో భాయ్‌కు రేకుల షెడ్డు ఉన్న ఒక ఆవరణ ఉండేది. రెండు కార్లూ పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. పెద్దాయన కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టి, "మీ గురించి భాయ్ గారు చాలా చెప్పారండి. మీరెలా అంటే అలాగే" అన్నాడు. బావ చిరునవ్వు నవ్వి మెడ గుడ్డ మీద చేయి పెట్టుకున్నాడు. పెద్దాయనకు అప్పుడు అర్థమైంది. "అయ్యో, నాకు తెలియదండీ" అని గొంతు తగ్గించాడు.

ముందు జర్మన్ కారు. దాని స్టీరింగు ఎడమ వైపు. నేను అక్కడ, బావ నా పక్కన, పెద్దాయన వెనక కూర్చున్నాం. తలుపు మూయగానే బయటి లోకం తెగిపోయినట్టయింది. పక్కనే ఉన్న ఎయిర్‌పోర్టులో దిగే విమానం ఒకటి మా మీదుగా పోయేదాకా ఆగాం. తర్వాత బావ క్యాసెట్టు లోపలికి తోశాడు.

ముందు హార్మోనియం. ఎడమ పక్క అద్దానికి అవతల ఎవరో కూర్చుని వాయిస్తున్నట్టుంది. కుడి పక్కన నా డోలక్, తప్పులతో సహా. తర్వాత సరిగ్గా మా ఎదురుగా, అద్దం దగ్గర, బావ గొంతు. నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. పక్కన ఉన్న మనిషి వైపు చూడలేకపోయాను. ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

ఆ కారు దేనినీ తియ్యగా చేయలేదు. పదం పదానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. రెండో చరణంలో స్వరం కిందికి దిగే చోట, గోనెసంచి మీద గోరు గీసినట్టు, చిన్న గరగర. బావ చప్పున ముందుకు వంగి, వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. అక్కడే, అలాగే. టేపు అరిగి ఉంటుందనుకున్నాను. ఆయనా అదే అనుకున్నట్టున్నాడు. దిగి వెళ్ళి భాయ్‌ని అడిగి స్పిరిటు, దూది తెచ్చి ప్లేయర్ హెడ్డు తుడిచాడు. మళ్ళీ పెట్టాడు. గరగర పోలేదు.

బావ నా వైపు తిరిగాడు. ఒక వేలు క్యాసెట్టు వైపు చూపించి, అదే వేలు తన మెడ మీద పెట్టుకున్నాడు. పాట రికార్డు చేసిన రోజుకే జబ్బు లోపల ఉందని ఆయన చెబుతున్నాడు. మా షాపులోని ప్లేయర్లేవీ, అన్నాళ్ళుగా విన్న ఏ కారూ దాన్ని బయటపెట్టలేదు.

వెనకాల పెద్దాయన, "చాలా బాగా పాడారు. ఎవరండీ?" అన్నాడు.

నేను, "మా బావేనండి" అన్నాను.

జపాన్ కారులోకి మారాం. దాని డాష్‌బోర్డులో చిన్న దీపాల వరుస, పాటతో పాటు ఎక్కి దిగేది. పైకీ కిందికీ జరిపే సన్నటి మీటలు. ఇందులో పాట వేరేగా వచ్చింది. డోలక్ గుండెకు తగిలింది, హార్మోనియం చుట్టూ పరుచుకుంది. బావ గొంతు పండినట్టు, పక్కనే కూర్చుని మన కోసమే పాడుతున్నట్టు ఉంది. రెండో చరణంలో ఆ చోటు వచ్చింది, వెళ్ళిపోయింది. గరగర జాడే లేదు. బేస్ దాన్ని మింగేసింది. బావ మీటలన్నీ మధ్యకు తెచ్చి విన్నాడు, అయినా దొరకలేదు.

అప్పుడే అక్క వచ్చింది. బావ గట్టి తిండి తినలేడు కాబట్టి ఆ వేళకు ఫ్లాస్కులో రాగిజావ తేవడం ఆమె పని. షాపులో లేమని తెలుసుకుని, పిల్లను చంకనేసుకుని ఆటోలో ఇక్కడికే వచ్చింది. భాయ్ ఎదురెళ్ళి, "వదినా, ఎండ మస్తుంది. కార్ల ఏసీ ఉంది, కూసోండి" అని జపాన్ కారు వెనక తలుపు తీశాడు. పెద్దాయన మర్యాదగా దిగిపోయాడు.

పాట ఇంకా నడుస్తోంది. బావ చేయి ఆపడానికి ముందుకు వెళ్ళింది.

"ఉండనియ్యి" అంది అక్క.

పాట అయ్యేదాకా ఆమె కదలలేదు. పిల్ల దీపాల వరుసను చూస్తూ చేతులు చాపింది. ఆ పాడేది ఎవరో దానికి తెలియదు. తండ్రి భుజం మీద తట్టి, ఆ దీపాలు కావాలని సైగ చేసింది. అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "గిది మంచిగుంది. గిట్లనే ఉండె నీ గొంతు" అంది.

బావ అడ్డంగా తల ఊపాడు. ఆమె చేయి పట్టుకుని దింపి జర్మన్ కారులోకి తీసుకెళ్ళాడు. వద్దని నేను అనబోయాను, కానీ ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఆ చరణం దగ్గరికి తిప్పి వినిపించాడు. మెడ చూపించాడు, కారును చూపించాడు, చెవిని చూపించాడు. చేతులు గబగబా తిరుగుతున్నాయి. అక్క నా వైపు చూసింది.

"పాట పాడిననాడే గొంతు గట్లయిందంటుండు. అప్పుడే గీ కార్ల విని ఉంటే తెలిసిపోతుండె, ముందే డాక్టరు దగ్గరికి పోతుంటి అంటుండు" అని చెప్పాను.

అక్క గొంతు పెంచకుండానే అంది.

"కారు చెప్పాల్నా? నేను చెప్పలేదా నీకు? పొద్దుగాల లేస్తనే నా పేరు పిల్చినప్పుడు గరగర అంటుందని చెప్పిన. అప్పుడు పిల్ల కడుపుల ఉండె. డాక్టరు దగ్గరికి పోదాం పా అని ఎన్నిసార్లన్న? షాపుల దుమ్ము, గంతే అన్నవు. పాటకు చెవి పెట్టినట్టు నా మాటకు జర పెట్టినా అయిపోతుండె."

ఈ సంగతి నాకు తెలియదు. వాళ్ళిద్దరి మధ్య అంత కాలంగా ఈ మాట ఉందని, ఆపరేషన్ రోజున కూడా ఆమె దాన్ని మింగి ఊరుకుందని అప్పుడే తెలిసింది. షెడ్డు కింద భాయ్, పెద్దాయన మరో వైపు తిరిగి నిలబడ్డారు.

బావ చేతులు ఒళ్ళో పడిపోయాయి. అక్క చేయి తీసుకుని తన నుదుటికి ఆనించుకుని అలాగే తల వంచుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి కానీ శబ్దం లేదు. ఏడుపుకు కూడా గొంతు కావాలని నాకు ఆ రోజు దాకా తోచలేదు. మెడ మీది గుడ్డ మాత్రం లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది.

అక్క చేయి వెనక్కి తీసుకోలేదు. కొంతసేపయ్యాక, "జావ చల్లారుతుంది" అని ఫ్లాస్కు మూత తిప్పింది.

తాగాక బావ లేచి పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. ఒప్పుకున్న పని కదా. నల్ల కారు వైపు చూపించి బొటనవేలు ఎత్తాడు. ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది అని ఆయన పెదవులు చెప్పిన మాటను నేను పైకి చెప్పాను. తర్వాత బావ ఎడమ వైపు స్టీరింగు చూపించి, రోడ్డు చూపించి, అది కష్టమని చేయి తిప్పాడు. వెండి కారు తియ్యగా ఉంటుందని, దూర ప్రయాణానికి అలసట తెలియదని చెప్పాడు. ఏదీ దాచలేదు.

పెద్దాయన వెండి కారు వైపు తిరిగి, "నాకీ వయసులో ఉన్నది ఉన్నట్టు ఎందుకండీ. కాస్త తియ్యగా ఉంటే చాలు" అన్నాడు. వెళ్ళేముందు బావ రెండు చేతులూ పట్టుకుని, "మీ పాట మర్చిపోలేనండి" అన్నాడు. ఆ సాయంత్రమే జపాన్ కారు తీసుకెళ్ళాడు.

జర్మన్ కారు భాయ్ దగ్గరే ఉండిపోయింది. ఎడమ స్టీరింగు వల్ల ఎవరూ ముందుకు రాలేదు. వానాకాలం వచ్చేసరికి బావ మెడ పక్కన ఇంకో గడ్డ లేచింది. ఆసుపత్రికి రోజూ వెళ్ళాలి, ఆటో కుదుపులకు ఆయన మెడ ఓర్చుకోలేదు. భాయ్‌ని మేము అడగలేదు. ఒక పొద్దున ఆయనే ఆ నల్ల కారును అమీర్‌పేటలో మా సందు మొగదల తెచ్చి ఆపాడు. "నడవకపోతే ఇంజను పాడైతది, నాకే మేలు చేసినోళ్ళయితరు" అన్నాడు. అది సాకని అందరికీ తెలుసు.

ఆ వానాకాలమంతా అలాగే వెళ్ళొచ్చాం. భాయ్ నడిపేవాడు, నేను ముందు, వాళ్ళిద్దరూ వెనక. క్యాసెట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక రోజు బావ నా భుజం తట్టి రేడియో పెట్టమన్నాడు. ఎవరో సన్నాయి వాయిస్తున్నారు. వాన పడుతోంది, పంజాగుట్ట దగ్గర బస్సులన్నీ ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే బావ కళ్ళు మూసుకుని అక్క మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. ఆయన ఎక్కడైనా తప్పితే అక్క తన వేలితో సరిచేస్తోంది. ఆమెకు తాళం తెలుసని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. దారి ఇంకాసేపు తెరుచుకోకుండా ఉంటే బాగుండుననుకున్నాను.

చలికాలం మొదట్లో బావ పోయాడు. ఇంట్లోనే, పొద్దున పూట, అక్క జావ కాస్తుండగా. వంటగదిలోంచి వచ్చేసరికి అయిపోయింది. పిలవడానికి ఆయనకు గొంతు లేదు. ఆ మాట అక్క చాలా కాలం అనుకుంటూ ఉండేది. పంజాగుట్ట శ్మశానానికి తీసుకెళ్ళేటప్పుడు భాయ్ నా వెనకే పాడె మోశాడు. మసీదుకు వెళ్ళాల్సిన వేళ దాటిపోతుందని ఎవరో గుర్తు చేస్తే, "దేవునికి తెలుసులే" అన్నాడు.

కొన్నాళ్ళు నేనొక్కణ్ణే షాపు నడిపాను. పని వచ్చేది కానీ బిగించాక వినాలనిపించేది కాదు. మోగితే చాలని పంపించేవాణ్ణి. ఒక ఆఫీసులో ఉద్యోగం దొరకగానే షట్టరు దాని ఓనరుకు అప్పగించేశాను. అక్క ఎస్.ఆర్. నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చూసుకునే పనిలో చేరింది.

పిల్లను బడిలో వేసిన ఏడాది టీచరు అక్కను పిలిపించింది. నేనూ వెళ్ళాను. పిల్ల తెలివైనదే కానీ దేనికీ నోరు తెరవదని, దాహమైనా, బయటికి పోవాలన్నా చేతులతోనే అడుగుతుందని చెప్పింది. "ఇంట్లో మీరెవరూ మాట్లాడరాండీ?" అని అడిగింది.

బావకు మాట పోయిన దగ్గర్నుంచి అక్క కూడా ఇంట్లో మాటలు తగ్గించేసింది. ఆయన ఎదుట నోటితో మాట్లాడడం ఆమెకు మనసొప్పేది కాదు. ఆయన పోయాక కూడా ఆ ఇల్లు అలాగే నడిచింది.

"ఇగ మాట్లాడుతం మేడం" అంది అక్క.

బడి నుంచి ఇంటికి నడిచి వచ్చాం. దారంతా అక్క పిల్ల వేలు పట్టుకుని మాట్లాడుతూనే ఉంది. గదిగో ఇస్త్రీ బండి, గదిగో మిర్చీలమ్మే అవ్వ, గా పోయేది బేగంపేట బస్సు, రాత్రికి పప్పు జెయ్యాల్నా, చారు జెయ్యాల్నా చెప్పు బిడ్డా. పిల్ల తల పైకెత్తి వింతగా ఆమె నోటి వైపే చూస్తూ నడిచింది. అమీర్‌పేట దగ్గరికి వచ్చేసరికి అక్క గొంతు ఎండిపోయి దగ్గు వచ్చింది. ఒక కొట్టు దగ్గర ఆగి నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టింది.